చెరువుల ఒడిలో మీర్‌పేట

మన కోడేరు వైపు చెరువు నిండి అలుగు పారితే సంతోషం. హైదరాబాద్ శివారులోని మీర్‌పేటలో మాత్రం అలుగు పారితే జనానికి భయం. పై చదువులకు పట్నం పోయిన తరువాతే దీని కారణం మాకు తెలిసింది.

మీర్‌పేట ఒకప్పుడు పల్లె. పట్నం పెరిగేకొద్దీ పొలాలు ప్లాట్లయ్యాయి. 2019లో జిల్లెలగూడతో కలిసి మున్సిపల్ కార్పొరేషన్ అయ్యింది. 2025లో గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైంది. పెద్దచెరువు, మంత్రాల చెరువు, సంద చెరువు ఇక్కడివే. ఇవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే నీరు కాలువ గుండా కింది చెరువుకు, అక్కడి నుండి సరూర్‌నగర్ చెరువుకు, చివరకు మూసీకి చేరాలి. కాలువ పూడ్చి ఇళ్లు కడితే ఆ నీరు ఇళ్లలోకే వస్తుంది. 2020 అక్టోబరు వానలకు మిథిలానగర్ కాలనీ అలాగే మునిగింది.

పట్నంలో వంద గజాల జాగా ఉండాలని కూలి డబ్బులు కూడబెట్టే తల్లిదండ్రులు మనలో ఎందరికో ఉన్నారు. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చదువుకున్న మనమే ముందు విచారించాలి. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువైతే ఆ హద్దు నుండి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్ల లోపు ఇల్లు కట్టరాదు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇంటికి అనుమతి వచ్చినట్లు కాదు. ధర తక్కువని ఆశపడక హెచ్‌ఎండీఏ చెరువుల పటం చూడండి. వాననీరు ఎటు పోయేదో అక్కడి ముసలివాళ్లను కూడా అడగండి.