పట్టు – విడుపు

తెలుగు భాషలో 'పట్టు' అనే మాటకు ఉన్న అర్థవిస్తృతి గొప్పది. చేతితో గట్టిగా పట్టుకోవడం పట్టు. ఒక విద్యలో సాధించిన నైపుణ్యం పట్టు. చేపట్టిన కార్యాన్ని మధ్యలో విడువని స్వభావం పట్టుదల. ఎంతకూ వదలని పట్టును ఉడుము పట్టు అంటారు. అయితే లోకం తెలిసిన మన పెద్దలు ఈ మాట పక్కనే 'విడుపు'ను కూడా నిలిపి, మనిషికి పట్టువిడుపులు రెండూ ఉండాలని చెప్పారు. ఈ రెండింటినీ శరీరానికి, మనస్సుకు ఒకేసారి నేర్పే విద్య శిలారోహణ. ఒకప్పుడు కొండల మీద మాత్రమే సాధ్యమైన ఈ అభ్యాసం నేడు హైదరాబాదు వంటి నగరాలలో భవనాల లోపల నిర్మించిన కృత్రిమ కుడ్యాల మీద కూడా సాగుతున్నది.

హైదరాబాదు వాసులకు రాయి కొత్తది కాదు. పాతబస్తీ నడిబొడ్డున 1591లో వెలసిన చార్మినారు, దాని చెంతనే 1694లో పూర్తయిన మక్కామసీదు, రాతి తోరణాలతో తీర్చిన పత్తర్‌గట్టి అంగళ్ళ వరుస ఈ నేలకు, రాతికి గల చెలిమిని చాటుతాయి. నగరం చుట్టూ కనిపించే గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. భూగర్భంలోని శిలాద్రవం నెమ్మదిగా చల్లబడి గట్టిపడగా, పైనున్న పొరలు యుగాల తరబడి కోతకు గురై ఇవి బయటపడ్డాయి. పగుళ్ల వెంట నీరు చేరి, ఎండకు వానకు అంచులు అరిగి, శిలలు గుండ్రని ఆకృతులు పొందాయి. ఎవరో ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే గుండ్లను నిజానికి ఎవరూ పేర్చలేదు. గోల్కొండ కోటను కట్టినవారు ఇటువంటి బండలను తొలగించక, వాటినే ప్రాకారంలో భాగం చేసుకొన్నారు.

సహజ శిలలు ఉండగా కృత్రిమ కుడ్యం ఎందుకు అనే సందేహం కలగడం సహజం. చలికాలంలో, వర్షాలలో కొండలెక్కడం ప్రమాదకరం. ఆ కాలంలోనూ అభ్యాసం ఆగకూడదనే ఆలోచన నుండి ఈ కుడ్యాలు పుట్టాయి. 1964లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో డాన్ రాబిన్సన్ అనే అధ్యాపకుడు ఒక నడవ గోడలో రాతిముక్కలు పొదిగి ఎక్కడానికి అనువుగా మలిచాడు. నేటి కుడ్యాలకు అది తొలిరూపాలలో ఒకటి. ఇప్పుడు ఉక్కు చట్రానికి ప్లైవుడ్ పలకలు బిగించి, వాటికి రంగురంగుల ప్లాస్టిక్ పట్టులను మరలతో అమరుస్తున్నారు. వీటిని 'హోల్డ్‌లు' అంటారు. ఒకే రంగు హోల్డ్‌లు ఒక మార్గాన్ని సూచిస్తాయి. కొన్నాళ్ల కొకసారి వాటిని విప్పి స్థానాలు మార్చడం వలన అదే గోడ మళ్లీ కొత్త కొండ అవుతుంది.

ఇక్కడ ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. నాలుగు మీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తుండే గోడను తాడు లేకుండా ఎక్కడం 'బౌల్డరింగ్'. పడినవారిని కాపాడడానికి కింద మందమైన పరుపులు ఉంటాయి. అంతకంటె ఎత్తయిన గోడలకు తాడు తప్పనిసరి. నడుముకు, తొడలకు బిగించే పట్టీల కూర్పును 'హార్నెస్' అంటారు. దానికి కట్టిన తాడు గోడ పైభాగంలోని ఆధారం గుండా తిరిగి కిందికి వచ్చి, నేలపై నిలిచిన సహచరుని వద్దనున్న సాధనంలో దూరుతుంది. ఎక్కేవాని కాలు జారితే ఆ సాధనం కలిగించే రాపిడి వలన తాడు నిలిచిపోతుంది. తాడు కొద్దిగా సాగే గుణం కలిగి ఉండడంతో శరీరానికి తగిలే కుదుపు కూడా తగ్గుతుంది. ఎక్కడానికి ముందు ఇద్దరూ ఒకరి ముడిని, పట్టీలను మరొకరు పరీక్షించడం ఈ విద్యలో విడువరాని నియమం.

మొదటిసారి వచ్చినవారి అనుభవాలు ఎంతో ఆసక్తికరంగా ఉంటాయి. దూరపు కొండలు నునుపు అన్నట్లు, కింద నుండి చూస్తే గోడ పైకి వెళ్లే దారే లేదనిపిస్తుంది. దగ్గరకు చేరి చేయి వేస్తే ఒకచోట వేళ్లు దూరే గుంట, మరొకచోట బొటనవేలు ఆనే అంచు కనిపిస్తాయి. కొత్తవారు సాధారణంగా చేతుల బలాన్నే నమ్ముకొంటారు. భయం వలన పట్టు మరింత బిగిస్తారు. కండరాలు అదేపనిగా బిగుసుకొన్నప్పుడు వాటిలో రక్తప్రసారం మందగిస్తుంది. అందువలన కొద్ది నిమిషాలలోనే ముంజేతులు బరువెక్కి, వేళ్లు పట్టు తప్పుతాయి. బలవంతులైన యువకులు సగంలోనే దిగిపోగా, సన్నని శరీరం గల బాలికలు పైకి చేరే దృశ్యం ఇక్కడ అరుదు కాదు. చేతులను వీలైనంత నిటారుగా ఉంచి, శరీరభారాన్ని కాళ్లపై మోపడమే ఇందులోని రహస్యం. చేతుల కంటె కాళ్ల కండరాలు పెద్దవి, బలమైనవి.

అయితే అసలు పరీక్ష గోడ పైన ఎదురవుతుంది. శిఖరాన్ని తాకిన ఆనందం తీరకముందే, 'చేతులు వదలి తాడుపై కూర్చో' అని కింది నుండి మాట వినిపిస్తుంది. అంతవరకు ప్రాణాధారంగా పట్టుకొన్నదానిని ఇప్పుడు తానే విడిచిపెట్టాలి. ఎక్కడానికి వెరవని వారు కూడా ఈ క్షణంలో గోడను కరచుకొని ఉండిపోతారు. తాడు తనను మోస్తుందని బుద్ధికి తెలుసు. దేహం మాత్రం నమ్మదు. చివరకు ఒక చేయి, ఆపై రెండవ చేయి వదలినప్పుడు తాడు బిగిసి దేహాన్ని మెల్లగా కిందికి దించుతుంది. కింద తాడు పట్టినవాని బాధ్యత ఎంతటిదో అప్పుడు బోధపడుతుంది. మరుసటి వంతులో తాను ఆ తాడు పట్టినప్పుడు, మరొకరి ప్రాణం తన చేతిలో ఉన్నదన్న ఎరుకతో చూపు మరల్చకుండా నిలుస్తాడు.

ఈ క్రీడకు నేడు అంతర్జాతీయ గౌరవం లభించింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో శిలారోహణ తొలిసారి పతకాల క్రీడ అయింది. వేగపు పోటీలో వాడే గోడ ఎత్తు 15 మీటర్లు, అంటే సుమారు 56 మీటర్ల చార్మినారు ఎత్తులో నాలుగవ వంతు కంటె కొంచెం ఎక్కువ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం పొందిన ఇండోనేషియా క్రీడాకారుడు వెడ్రిక్ లియొనార్డో ఆ గోడను 4.75 సెకన్లలో అధిరోహించాడు.

మన ప్రాంతపు ఉదాహరణ ఇంతకంటె స్ఫూర్తిదాయకమైనది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమె తొలిపాఠాలు నేర్చినది ఏకశిలపై కోట వెలసిన భువనగిరి గుట్ట మీద. అనంతరం దార్జిలింగులో శిక్షణ పొంది, 2014 మే 25న, 13 సంవత్సరాల 11 నెలల వయస్సులో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. ఆ ఘనత సాధించిన బాలికలలో అతి పిన్నవయస్కురాలిగా చరిత్రకెక్కింది. మరో గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా అదే యాత్రలో శిఖరం చేరాడు. పేదరికం గానీ, చిన్న వయస్సు గానీ వారి పట్టుదలకు అడ్డు కాలేదు.

పూర్ణకు తొలి మెట్టయినది సహజ శిల. అటువంటి శిలలు నగర విస్తరణలో రాతి గనులకు, భవనాలకు బలి అవుతున్నాయి. వాటిని కాపాడాలనే సంకల్పంతో 1996లో హైదరాబాదులో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంస్థ ఏర్పడింది. ప్లాస్టిక్ హోల్డ్‌లను విప్పి మళ్లీ బిగించవచ్చు. పగులగొట్టిన బండను తిరిగి నిలపడం ఎవరి తరమూ కాదు. కృత్రిమ కుడ్యం మీద అభ్యసించిన యువత తమ ఊరి గుట్టను కొత్త కళ్లతో చూసి, దానిని కాపాడుకోవడానికి పూనుకొంటే ఈ విద్యకు సార్థకత చేకూరుతుంది. గోడ మీద మనం విడువవలసినది భయాన్ని. కోట్ల సంవత్సరాలుగా నిలిచిన ఆ శిలలను మాత్రం మనం చేజేతులా విడువరాదు.