పాట కారెక్కాలంటే...

క్యాసెట్‌ పెట్టే చోటు పోయింది. సీడీ దూర్చే సందూ పోయింది. ఇప్పుడు కార్లో పాట గాల్లోంచే వస్తోంది. మరి పాత మ్యూజిక్‌ప్లేయర్లో భద్రంగా దాచుకున్న పాటల సంగతేంటి? వాటిని కొత్త కారెక్కించేదెలా?

సంక్రాంతికి హైదరాబాద్‌ నుంచి రాజమండ్రి ప్రయాణం. కొత్త కారు. ముందు సీట్లో అమ్మానాన్నా. వెనక ఇద్దరు పిల్లల మధ్య నానమ్మ. ఊరు దాటగానే నానమ్మ చేతిసంచిలోంచి ఓ బుల్లి పెట్టె తీసింది. ఎప్పుడో పదిహేనేళ్ల కిందట కొన్న మ్యూజిక్‌ప్లేయర్‌. తాతయ్య పాడిన పద్యాలున్నాయందులో. శ్రీరామనవమి పందిట్లో ఎవరో టేపురికార్డరులో పట్టిన హరికథా ఉంది.

‘ఒరేయ్‌ అబ్బాయ్‌, ఇది కాస్త కార్లో పెట్టరా’ అంది.

అంతే, కార్లో హడావుడి మొదలైంది. తెర మీద నాన్న ఫోను పేరు కనిపిస్తోంది, అమ్మ ఫోను పేరూ కనిపిస్తోంది. పెట్టె పేరు మాత్రం ఎంత వెతికినా రాదు. ‘పోనీ యూట్యూబ్‌లో వెతుకుదాం నానమ్మా’ అన్నాడు మనవడు. తాతయ్య గొంతు యూట్యూబ్‌లో ఎక్కడ దొరుకుతుంది!

ఏదో ఒక పండగ ప్రయాణంలో చాలా ఇళ్లలో ఎదురయ్యే ఇబ్బందే ఇది. కాస్త తెలుసుకుంటే పరిష్కారం కష్టమేం కాదు.

రేడియోతో మొదలు

కార్లో పాట వినాలన్న సరదా ఈనాటిది కాదు. అమెరికాలో గాల్విన్‌ సోదరులు 1930లోనే కారు రేడియో తయారుచేసి అమ్మారు. దానికి పెట్టిన పేరే మోటొరోలా. 1963లో ఫిలిప్స్‌ సంస్థ క్యాసెట్‌ తెచ్చింది. దాంతో మనకు నచ్చిన పాట మనమే పెట్టుకునే వీలొచ్చింది. 1979లో సోనీ వాక్‌మన్‌ పాటను జేబులోకి చేర్చింది. 2001లో వచ్చిన ఆపిల్‌ ఐపాడ్‌ అయితే ఏకంగా వెయ్యి పాటల్ని జేబులో పెట్టేసింది.

చిక్కల్లా అక్కడే. జేబులో పాటలు జేబులోనే ఉన్నాయి, కారు స్పీకర్లు కార్లోనే ఉన్నాయి. రెండింటినీ కలపడానికి అప్పట్లో రకరకాల ఉపాయాలు. వైరు వేలాడే ఉత్తుత్తి క్యాసెట్‌ ఒకటి, సిగరెట్‌ లైటర్‌ సాకెట్లో గుచ్చే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌ ఇంకొకటి. ఆ తరవాత వచ్చిందే బ్లూటూత్‌.

రాజుగారి పేరు

స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్‌ సంస్థ 1994లో దీని మీద పని మొదలుపెట్టింది. 1998లో ఇంటెల్‌, నోకియా, ఐబీఎం, తోషిబాలూ చేతులు కలిపాయి. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హెరాల్డ్‌ బ్లూటూత్‌ అనే రాజు పేరే దీనికి పెట్టారు. వేర్వేరు తెగల్ని ఆయన కలిపినట్టే, ఇది వేర్వేరు పరికరాల్ని కలుపుతుందని!

పనిచేసే తీరూ తమాషాగానే ఉంటుంది. మన ఇంట్లో వైఫై, మైక్రోవేవ్‌ ఒవెన్‌ వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్‌ ప్రాంతంలోనే ఇదీ తిరుగుతుంది. గొడవ పడకుండా 79 దారులు చేసుకుని, సెకనుకు 1600 సార్లు ఒక దారిలోంచి మరో దారిలోకి గెంతుతుంది. ఏ క్షణంలో ఏ దారిలోకి దూకాలో మాట్లాడుకుంటున్న రెండు పరికరాలకే తెలుస్తుంది.

కాల్‌ వస్తుంది... పాట రాదు!

‘మా కార్లో ఫోన్‌ మాట్లాడితే స్పీకర్లోంచి వినిపిస్తుంది. పాట పెడితే మాత్రం రాదు’... ఈ మాట చాలామంది అంటుంటారు. లోపం కారుదీ కాదు, ఫోనుదీ కాదు. బ్లూటూత్‌లో ఒక్కో పనికి ఒక్కో పద్ధతి ఉంటుంది. ఫోన్‌ మాటలకు హెచ్‌ఎఫ్‌పీ, స్టీరియో పాటలకు ఏటూడీపీ, స్టీరింగ్‌ మీది మీటతో పాట మార్చడానికి ఏవీఆర్‌సీపీ. బ్లూటూత్‌ వచ్చిన తొలి రోజుల కార్లు చాలావాటిలో మొదటిదొక్కటే ఉండేది. కారు పుస్తకంలో ‘ఏటూడీపీ’ లేదా ‘బ్లూటూత్‌ ఆడియో’ అని ఉందేమో చూసుకోండి. ఉన్నా పాట రాకపోతే ఫోన్‌ సెట్టింగ్స్‌లో కారు పేరు నొక్కి ‘మీడియా ఆడియో’ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

పాత పెట్టెకు కొత్త దారి

ఇంతకీ నానమ్మ పెట్టె కారుకు ఎందుకు కనిపించలేదు? అందులో బ్లూటూత్‌ లేదు కాబట్టి. ఐపాడ్‌ క్లాసిక్‌లో ఎప్పుడూ లేదు. ఐపాడ్‌ టచ్‌లో రెండోతరం నుంచీ, నానోలో 2012లో వచ్చిన ఏడోతరానికీ ఉంది. అలాగని నిరాశ పడక్కర్లేదు. దారులు నాలుగున్నాయి.

ఆక్స్‌ వైరు: కార్లో 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే అదృష్టవంతులే. రెండువైపులా పిన్ను ఉన్న వైరు కొని ఒక కొస ప్లేయర్లో, రెండోది కార్లో గుచ్చితే చాలు. ప్లేయర్‌ శబ్దాన్ని ముప్పావు వంతు పెట్టి, మిగతాది కారు మీటతో సర్దుకోండి. పూర్తిగా పెంచితే గొంతు బొంగురుపోతుంది.

బ్లూటూత్‌ ట్రాన్స్‌మిటర్‌: హెడ్‌ఫోన్‌ రంధ్రంలో తగిలించే చిన్న బిళ్ల. కొనేటప్పుడు జాగ్రత్త! అచ్చం అలాగే ఉండే ‘రిసీవర్లూ’ దొరుకుతాయి. కారు పాటను అందుకునే పరికరం. ప్లేయర్‌కీ అందుకునేదే తగిలిస్తే ఇచ్చేవాళ్లెవరు? మరో తిరకాసూ ఉంది. కొన్ని కార్లు జతచేసేటప్పుడు అంకెలు కొట్టమంటాయి. తెరా మీటలూ లేని బిళ్ల మీద ఎలా కొడతాం? అందుకే కొనేముందు మీ కార్లోనే ఒకసారి పెట్టి చూడండి.

ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌: ఖాళీగా ఉన్న స్టేషన్‌ నంబరు ఒకటి వెతికి, రేడియోలోనూ పరికరంలోనూ అదే పెట్టాలి. ఎఫ్‌ఎం స్టేషన్లు కిక్కిరిసిన నగరంలో ఖాళీ దొరకడం కష్టం. దారిలో ఊరు మారితే పద్యం మధ్యలో ప్రకటన దూరొచ్చు.

పెన్‌డ్రైవ్‌: పాటల్ని ముందు కంప్యూటర్లోకి, అక్కణ్నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి యూఎస్‌బీలో గుచ్చడం. మామూలు నాణ్యత ఎంపీ3 పాట నిమిషానికి సుమారు ఒక ఎంబీ. నాలుగు జీబీల్లో దాదాపు వెయ్యి పాటలు పడతాయి. డ్రైవ్‌ను ఫ్యాట్‌32 పద్ధతిలో ఫార్మాట్‌ చేస్తే ఎక్కువ కార్లు చదువుతాయి.

ఆ ఒక్క మీటా నొక్కకండి

అసలు జాగ్రత్త ఇక్కడే. పాత ఐపాడ్‌ను కొత్త కంప్యూటర్‌కు తగిలించగానే ‘ఇందులో ఉన్నవి చెరిపేసి కొత్తవి ఎక్కించమంటారా’ అన్న అర్థంలో ఓ ప్రశ్న రావచ్చు. కంగారులో ‘సరే’ నొక్కారా... తాతయ్య గొంతు శాశ్వతంగా పోయినట్టే! ‘వద్దు’ అనే చెప్పండి. పాటలు అందులోనే, దాచిన ఫోల్డర్లలో, అర్థంకాని నాలుగక్షరాల పేర్లతో ఉంటాయి. తెలిసినవాళ్ల చేత బయటికి తీయించి రెండుచోట్ల దాచుకోండి. ఐపాడ్‌ క్లాసిక్‌ లోపల తిరిగే చిన్న హార్డ్‌డిస్కు ఉంటుంది. అది ఏదో ఒకనాడు ఆగిపోవడం ఖాయం. మరొకటి కొందామన్నా 2022లోనే ఆపిల్‌ ఐపాడ్ల అమ్మకానికి ముగింపు పలికింది.

బండి ఆపాకే...

జతచేయడం, పాట వెతకడం... ఏదైనా సరే బండి ఆపాకే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. తెర వైపు మూడు సెకన్లు చూశారంటే 66 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. పాటల బాధ్యత వెనక సీటుకు అప్పగించండి.

ఇంకోటి. కారు అమ్మేటప్పుడు దాని జ్ఞాపకంలోంచి మీ ఫోన్ల పేర్లు, నంబర్ల జాబితా తప్పకుండా చెరిపేయండి. లేదంటే మీ చుట్టాల నంబర్లన్నీ కారుతోపాటే కొన్నవాళ్లకు అప్పగించినట్టవుతుంది. అద్దె కారైనా అంతే.

ఇంతకీ నానమ్మ సంగతేమైందంటారా? సూర్యాపేట దగ్గర టీ కోసం ఆగారు. పక్క దుకాణంలో ఓ ఆక్స్‌ వైరు దొరికింది. ఒక కొస పెట్టెలో, రెండో కొస కార్లో.

రెండు క్షణాలు గరగర. తరవాత తాతయ్య గొంతు సవరించుకున్న చప్పుడు. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేశారు. నానమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.