సినిమాలో దెయ్యాల హోటలు... లోపలికెళ్తే ఆడవాళ్ళ చేతిపని!

'ద షైనింగ్' సినిమా చూశారా? 1980లో వచ్చింది. చూడకపోయినా మీ ఇంట్లో కుర్రాళ్ళనడగండి, కథంతా చెప్పేస్తారు. మంచుకొండ మీద పెద్ద హోటలు. చలికాలం దాన్ని మూసేస్తే కాపలాకని భార్యాభర్తలు, చిన్న పిల్లాడు వచ్చి ఉంటారు. మనిషన్నవాడు కనిపించని ఆ చోట మొగుడికి మెల్లగా మతి చలించి, చివరికి గొడ్డలి పట్టుకుని పెళ్ళాంబిడ్డల వెంటపడతాడు. అంట్లు సర్దుకుని రాత్రి పదింటికి చూద్దామనుకుంటే మాత్రం వద్దు, ఆ రాత్రికి నిద్ర ఉండదు!

ఆ సినిమాలో మంచులో మునిగి బయటికి కనిపించే హోటలు నిజంగానే ఉంది. పేరు టింబర్‌లైన్ లాడ్జ్. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో హుడ్ పర్వతం మీద, సుమారు 6,000 అడుగుల ఎత్తున ఉంటుంది. పోర్ట్‌లాండ్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. ఆ వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు చాలామందే ఉన్నారు. పురుడు పోయడానికో, మనవల్ని చూడ్డానికో మీరు వెళితే, 'అమ్మా, మంచు చూపిస్తా రా' అని మీ అబ్బాయి తీసుకెళ్ళేది అక్కడికే కావచ్చు. భయపడకండి. సినిమాలో కనిపించిన గదులు, వరండాలు, ఆ పెద్ద హాలు ఇక్కడివి కానే కావు. అవన్నీ ఇంగ్లండులో ఎల్‌స్ట్రీ స్టూడియోలో వేసిన సెట్లు. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ ఆ సెట్లకి కాలిఫోర్నియాలోని అవానీ అనే మరో హోటలుని నమూనాగా పెట్టుకున్నాడు. పిల్లాడు పరుగెత్తే పొదల చిక్కుదారి కూడా టింబర్‌లైన్‌లో లేదు.

అసలు స్టీఫెన్ కింగ్ ఈ నవల రాయడానికి కారణం ఇంకో హోటలు, కొలరాడోలోని స్టాన్లీ. 1974లో, సీజన్ అయిపోయి మూసేసే రోజుల్లో ఆయన భార్యతో అక్కడ దిగారు. హోటలంతా ఖాళీ. వాళ్ళ గది నంబరు 217. నవలలో దెయ్యం గదికి ఆ నంబరే పెట్టారు. మూడు హోటళ్ళు కలిసి ఒక సినిమా అయిందన్నమాట!

ఇక టింబర్‌లైన్ వాళ్ళకి బెంగ పట్టుకుంది. వాళ్ళకీ 217 గది ఉంది మరి. సినిమా చూశాక ఆ గదిలో ఎవరు దిగుతారు? అద్దెగదుల మీద బతికే వాళ్ళకి ఒక గది ఖాళీగా పడుంటే ఎంత నష్టమో చెప్పాలా? నంబరు మార్చమని అడిగారు. సినిమావాళ్ళు ఒప్పుకుని 237 చేశారు, ఆ నంబరు గది హోటల్లో లేదు కనక. తీరా ఏమైందో తెలుసా? జనం 217 మాకే కావాలంటూ అడిగి మరీ పుచ్చుకుంటున్నారు. మనుషుల సంగతి ఎవరూ ముందుగా చెప్పలేరు సుమండీ!

కానీ నాకు మనసుకి పట్టింది ఈ గది గొడవ కాదు. సినిమా చూపించని లోపలి భాగం.

1929లో అమెరికాలో ఆర్థికమాంద్యం వచ్చిపడింది. ఒక దశలో పని చేయగలవాళ్ళలో పావువంతు మందికి పని లేదు. కూలి దొరకాలని ప్రభుత్వమే పనులు పెట్టించింది. అలా 1936లో మొదలైందీ కట్టడం. 1937 సెప్టెంబరు 28న అధ్యక్షుడు రూజ్వెల్ట్ స్వయంగా వచ్చి అంకితం చేశారు. మర్నాటి ఏడు ఫిబ్రవరిలో తలుపులు తెరిచారు. రాతిపని, కొయ్యపని, ఇనుపపని మగవాళ్ళు చేస్తే, లోపలి అలంకరణ బాధ్యత మార్జరీ హాఫ్‌మన్ స్మిత్ అనే ఆవిడ తీసుకున్నారు. ఆవిడ కింద ఆడవాళ్ళు మగ్గాల మీద కుర్చీల గుడ్డలు నేశారు, తెరలు కుట్టారు, తివాచీలల్లారు. గదుల రంగులు ఆ కొండమీది అడవిపూలని చూసి ఎంచుకున్నవి. తెర, దుప్పటి, తివాచీ అన్నీ ఒకే రంగుల వరసలో ఉండాలని ఆవిడ పట్టుదల.

డబ్బు చాల్లేదు. అందుకని ఏదీ పారెయ్యలేదు. ప్రభుత్వ శిబిరాల కుర్రాళ్ళు కప్పుకుని చివికిపోయిన కంబళ్ళు తివాచీలయ్యాయి. పాత రైలుపట్టాలు పొయ్యిలో కట్టెల కింద పెట్టే దిమ్మలయ్యాయి. పాత కరెంటు స్తంభాల మొదళ్ళని మెట్ల దగ్గర పక్షులుగా, జంతువులుగా చెక్కారు. మంచులో కారుచక్రాలకి కట్టే గొలుసులు పొయ్యికి అడ్డుతెరలయ్యాయి. పాతచీరలతో బొంతలు కుట్టే మన అమ్మమ్మలు చూస్తే 'మా పనే కదే ఇది!' అనేవారు.

అంతటి చోటూ చితికిపోయింది. 1955 నాటికి నడపలేని స్థితికొచ్చి మూతపడింది. ఆ ఏడాదే రిచర్డ్ కోన్‌స్టామ్ నడపడానికి తీసుకుని నిలబెట్టారు. అయితే గుడ్డ రాయి కాదుగా! ఎండకి వెలిసి, పాదాలకి అరిగి, 1970ల నడుమకి ఆ తెరలూ తివాచీలూ దాదాపు శిథిలమయ్యాయి. 1975లో 'ఫ్రెండ్స్ ఆఫ్ టింబర్‌లైన్' అనే సంఘం పుట్టింది. పాత నమూనాలు చూసి మళ్ళీ నేయించడం, కుట్టించడం మొదలైంది. 2024 ఏప్రిల్‌లో ఇంటికప్పు కింద నిప్పంటుకుంది. పొయ్యిలోంచి లేచిన రవ్వలే కారణమని అనుమానించారు. మంటలు ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు, కొద్దిరోజుల్లోనే అతిథులు మళ్ళీ వచ్చారు.

ఆ తివాచీ పద్ధతి కష్టమేం కాదు. పాత ఉన్ని కంబళి ఉంటే మీరూ చేసుకోవచ్చు. ముందు ఉతికి ఆరేసి, పావు అంగుళం వెడల్పు పీలికలుగా కత్తిరించండి. కాస్త వదులు నేతగల శుభ్రమైన గోనెగుడ్డని చెక్కచట్రానికి బిగించి లాగి కట్టండి. దానిమీద సుద్దతో పువ్వో, ఆకో గీసుకోండి. పీలికని అడుగున ఎడమచేత్తో పట్టుకుని, పైనుంచి క్రోషే కొక్కెంలాంటిది దూర్చి, పావు అంగుళం ఎత్తు ఉచ్చు పైకి లాగాలి. పక్క రంధ్రంలోంచి ఇంకొకటి. ముడులు వెయ్యక్కర్లేదు, ఉచ్చులు ఒకదానికొకటి ఒత్తుకుని అవే నిలుస్తాయి. మొదట గీత వెంబడి, తర్వాత లోపల నింపుకుంటూ రండి. అంచుల్ని వెనక్కి మడిచి గట్టి దారంతో కుట్టెయ్యండి. ఉతుకుడు యంత్రంలో మాత్రం వెయ్యకండి, తీగమీద వేలాడదియ్యకండి, బరువుకి గోనె చిరుగుతుంది. దాచేటప్పుడు పువ్వులున్న వైపు బయటికి వచ్చేలా చుట్టండి.