పిల్లల సెల్‌ఫోను అలవాటు: పాదాంశ క్రమమున తగ్గించుట ఎట్లు?

రోగములకు మూలకారణములు మూడని ఆయుర్వేదము చెప్పుచున్నది. అవి అసాత్మ్యేంద్రియార్థ సంయోగము, ప్రజ్ఞాపరాధము, పరిణామము. కన్ను, చెవి మొదలగు ఇంద్రియములను మితిమీరి గాని, విపరీతముగ గాని వినియోగించుట మొదటిది. తగదని తెలిసియు చేయుట రెండవది. కాలప్రభావము మూడవది. ఇందు మొదటి రెండు కారణములును ఒకేచోట చేరియుండుటను నేడు ప్రతి ఇంటను చూచుచున్నాము. పిల్లల చేతిలోని సెల్‌ఫోనే అందుకు సాక్ష్యము.

రెండేండ్ల క్రిందట మండపేటలోని మా వైద్యశాలకు పదవ తరగతి చదువుచున్న ఒక బాలుని తల్లి తీసికొని వచ్చినది. తలనొప్పి, కండ్లమంట, మలబద్ధకము, ఉదయము లేవలేకపోవుట అతని బాధలు. నాడి చూచి, రాత్రి ఎన్ని గంటలకు పడుకొనుచున్నావని అడిగినాను. "ఒంటిగంట అవుతుంది తాతగారూ, ఒక్కోసారి రెండు" అన్నాడు. అది చదువు కొరకు కాదని తల్లి చెప్పినది. నేను వెంటనే "ఫోను తీసివేయండమ్మా, సగము రోగము తానే పోవును" అన్నాను.

ఆ రాత్రియే తండ్రి ఫోను లాగికొని బీరువాలో పెట్టి తాళము వేసినాడు. నాలుగవ రోజున తల్లి ఒంటరిగా వచ్చినది. "రెండు రోజులై అన్నం ముట్టలేదండీ. గది తలుపు తియ్యటం లేదు. వాళ్ల నాన్నతో మాట మానేశాడు. ఏం చెయ్యమంటారండీ?" అని కన్నీరు పెట్టుకొన్నది. అప్పుడు గాని నా పొరపాటు నాకు తెలియలేదు.

గురువుగారి వద్ద నేర్చిన పాఠము

నేను గురుకులమున నుండగా లంక పొగాకు చుట్టలు రోజునకు ఎనిమిది కాల్చు రైతు ఒకడు దగ్గుతో వచ్చినాడు. చుట్ట మానుమని గురువుగారు అనలేదు. "రేపటి నుండి ఆరు కాల్చుము. మానిన రెండు చుట్టల వేళకు ఈ కషాయము త్రాగుము" అని పంపినారు. కొంత వ్యవధి ఇచ్చి మరి రెండు తగ్గించినారు. ఇట్లు చేయుమని చరకుడును, వాగ్భటుడును చెప్పినారు. అలవాటైన అహితమును నాలుగవ భాగము చొప్పున విడువవలెను. విడిచిన మేరకు హితమును చేర్చవలెను. మెట్టుమెట్టునకు నడుమ వ్యవధిని ఒకటి, రెండు, మూడుగా పెంచుకొనవలెను. చెడ్డ అలవాటునైనను ఒక్కసారిగా విడిచినచో వికారము కలుగునని వాగ్భటుని హెచ్చరిక. ఆహారాదుల విషయమున చెప్పిన ఈ సూత్రము ఫోనునకును వర్తించునని ఆనాడు నాకు తోచకపోయినది.

చరకుడు ఈ క్రమమును సూత్రస్థానము 7వ అధ్యాయమున చెప్పినాడు. ఆపరాని వేగములు 13 అని చెప్పినదియు ఆ అధ్యాయమే. మలమూత్రములు, ఆకలి, దప్పిక, నిద్ర అందులోనివి. లోభము, క్రోధము, ఈర్ష్య వంటి మనోవేగములను మాత్రము ఆపుకొనవలెనని అక్కడనే ఉన్నది. ఫోను పట్టిన పిల్లవాడు దీనికి తలక్రిందులుగా నడచుచున్నాడు. నిద్ర వచ్చినను ఆపుకొనును, మూత్రము వచ్చినను బిగపట్టును. ఇతరుల చిత్రములు చూచి కలిగిన ఈర్ష్యను, ఆటలో ఓడిన కోపమును మాత్రము ఆపుకొనలేకున్నాడు. ఆ బాలుని మలబద్ధకమునకు, తలనొప్పికి కారణము ఇక్కడనే దొరికినది.

తప్పు పిల్లలది మాత్రమే కాదు

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడులు మూతపడగా పాఠములు ఫోనులోనికి వచ్చినవి. అప్పు చేసియైనను ఫోను కొని పిల్లల చేతికిచ్చిన తల్లిదండ్రులను నేనెరుగుదును. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచినది. చదువునకని మనమిచ్చిన వస్తువును నేడు దొంగసొత్తు వలె లాగికొన్నచో పిల్లవాడు ఒప్పుకొనడు. ఆస్ట్రేలియాలో 16 ఏండ్లలోపు వారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలుండరాదను చట్టము 2025 డిసెంబరు 10న అమలులోనికి వచ్చినది. చట్టమున్నను లేకున్నను అలవాటును మార్చు పని ఇంటిలోనే జరుగవలెను.

పాదాంశ క్రమము

ఆ బాలుని మరల పిలిపించి, ఫోను తిరిగి ఇప్పించినాను. చదువు కాక రాత్రి 9 నుండి 1 వరకు 4 గంటలు చూచుచున్నట్లు లెక్క తేలినది. "నాలుగింట ఒక గంట వదలుకొనవలెను. ఏ గంటయో నీవే చెప్పు" అన్నాను. ఆఖరి గంట అన్నాడు.

మొదటి పాదము: 12 గంటలకు ఫోనును తానే తెచ్చి హాలులో ఛార్జింగునకు పెట్టవలెను. తల్లి పాదములకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన చేయవలెను. ఇట్లు ఒక వారము.

రెండవ పాదము: 11 గంటలకే ఫోను హాలు చేరవలెను. తగ్గిన గంటకు బదులుగా సాయంత్రము తండ్రి అతనితో కూర్చుండి చదరంగము ఆడవలెను. ఇట్లు రెండు వారములు.

మూడవ పాదము: 10 గంటలకు ఫోను కట్టివేయవలెను. ఉదయము కాలువగట్టున సైకిలు తొక్కవలెను. ఇట్లు మూడు వారములు.

నాలుగవ పాదమును తీసివేయలేదు. స్నేహితులతో మాటలకు, వినోదమునకు ఒక గంట ఉండనిచ్చి, దానిని రాత్రి భోజనమునకు ముందునకు జరిపినాము. శాస్త్రమున దినములుగా చెప్పిన వ్యవధిని నేను వారములుగా మార్చినాను. నడుమ రెండుసార్లు మాట తప్పినాడు. అట్టివేళ తిట్టక, వెనుకటి మెట్టు నుండి మరల ప్రారంభించినాము.

శరీర రక్షణ

13 నుండి 18 ఏండ్ల వారికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. రాత్రివేళ కంటిపై పడు వెలుతురు నిద్రకు తోడ్పడు మెలటోనిన్ స్రావమును తగ్గించును. కావున పడుకొనుటకు గంట ముందే ఫోను ఆపవలెను. భోజనము 8 గంటలలోపు ముగించుట మేలు. తెర చూచునపుడు రెప్పపాటు తగ్గి కన్ను ఎండును. 20 నిమిషముల కొకసారి 20 అడుగుల దూరమునకు 20 సెకనులు చూచి, రెప్పలు ఆర్పుచుండవలెను. పగటి వెలుతురులో ఆరుబయట గడపు పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చుట తక్కువ. కంటిలో తేనె, ఆకుపసరు వేయరాదు. చూపు మసకబారినచో నేత్రవైద్యుని చూడవలెను. నూనె మర్దన నిద్రకు తోడగును గాని, అలవాటును మాన్పు మూలిక ఏదియు లేదు.

తల్లిదండ్రులు ముందుగా తమ ఫోనులను భోజనము వేళ దూరముగ పెట్టవలెను. చదరంగము ముందు కూర్చుండియు తండ్రి ఫోను చూచుచున్నాడని ఆ బాలుడు నాకు ఫిర్యాదు చేసినాడు. అది న్యాయమైన ఫిర్యాదే.

ఇవి ఉన్నచో ఆలస్యము వలదు

బడి మానుట, తిండి మానుట, డబ్బు పోగొట్టుకొనుట, ఎవరో బెదిరించుచున్నారని దాచుట, చచ్చిపోదునను మాట. వీనిలో ఏది కనబడినను ఇంటివైద్యముతో కాలము గడపరాదు, మానసిక వైద్యుని చూడవలెను. వీడియో ఆటల వ్యసనమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరిలో అమలులోనికి వచ్చిన తన రోగపట్టికలో చేర్చినది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఇట్టి వారి కొరకు 2014లో ప్రత్యేక క్లినిక్ ప్రారంభించిరి. 14416 నంబరునకు ఫోను చేసినచో టెలిమానస్ వారు ఉచితముగ సలహా ఇత్తురు.

ఆ బాలుడు నేడు ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. ఫోను మానలేదు, మానుమని నేనును అనలేదు. పదిన్నరకు పడుకొనుచున్నాడు. తలనొప్పి తగ్గినది. మొన్న తండ్రీకొడుకులు కలిసి వచ్చి తాపేశ్వరం కాజాలు ఇచ్చి వెళ్లినారు. క్రమముగ తగ్గిన దోషము తిరిగి రాదని, క్రమముగ అలవడిన గుణము చలింపదని చరకుని అభిప్రాయము. తల్లిదండ్రులు తొందరపడక మొదటి పాదముతో ప్రారంభింతురు గాక.