పిల్లలు అడగాలి, పెద్దలు చెప్పాలి

చేబ్రోలు అనగానే భక్తులకు కోనేటి నడుమ వెలసిన చతుర్ముఖ బ్రహ్మ స్ఫురిస్తాడు. దానికి చేరువనే ఉన్న కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాతృభాషగా గల యూదులున్నారన్న సంగతి కొద్దిమందికే తెలుసు. తాము ఎఫ్రాయిము గోత్రీకులమని విశ్వసించే వీరు ‘బెనే ఎఫ్రాయిము’గా వ్యవహరించుకొంటారు. 1991లో సాదోక్ యాకోబి అక్కడ ప్రార్థనామందిరం నెలకొల్పారు. ఆయన కుటుంబం పిల్లలకు హెబ్రీ భాషనూ ప్రార్థనలనూ నేర్పుతూ వచ్చింది.

హెబ్రీ అక్షరాలు 22. కుడి నుండి ఎడమకు వ్రాత. ఇంటా వీధిలోనూ వినబడని భాషను తడబడక చదవడం ఎంత శ్రమో వేదపాఠశాల విద్యార్థులనడిగితే చెబుతారు.

యూదుల పండుగలలో పిల్లలకు పెద్దపీట. హనుక్కాకు ఎనిమిది రాత్రులు దీపాలు. పర్ణశాలల పండుగకు కొమ్మలు కప్పిన పందిరి. అన్నింటికంటె నన్ను ఆకట్టుకొన్నది పస్కా. ఐగుప్తు దాస్యవిముక్తిని స్మరించే ఆ రాత్రి, పంక్తిలో అందరికంటె చిన్నవారు ప్రశ్నలు వేయాలి: పులియని రొట్టె ఎందుకు? చేదుకూర ఎందుకు? అడిగిన పిదపనే పెద్దలు కథ ఆరంభిస్తారు. భోజనానంతరం, దాచిన రొట్టెముక్కను వెదకి తెచ్చిన పిల్లలకు బహుమానం!

నచికేతుడు తండ్రిని ప్రశ్నించకుంటే కఠోపనిషత్తు మనకేదీ? అయినా పూజవేళ పిల్లలు నోరు విప్పితే కసురుకొంటాం. నేనూ అంతే. గత వినాయక చవితినాడు మా మనుమడు “21 పత్రులే ఎందుకు తాతయ్యా?” అన్నాడు. పూజ ముగిశాక చెబుతానన్నాను. పూజ ముగిసింది, ఉండ్రాళ్లు ఆరగించాం. వాడు మళ్లీ అడగలేదు.