బల్బు పెట్టె మీది భాష

"అరవై బల్బు ఒకటి యివ్వండి."

వెనకటి రోజుల్లో బల్బు కొనడానికి యీ ఒక్క మాట చాలేది. పడకగదికి జీరో బల్బు, వంటింటికి నలభై, హాలుకు అరవై, పెళ్ళిపందిరికి నూరు. అంతకు మించిన శాస్త్రం అక్కరలేకపోయింది.

ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికేవి ఎల్.ఇ.డి. బల్బులు. వాటి పెట్టెల మీద వాట్లు, ల్యూమెన్లు, కెల్విన్లు, సి.ఆర్.ఐ. అంటూ పంచాంగంలో తిథివార నక్షత్రాల్లాగా బోలెడు లెక్కలు వుంటాయి. పంచాంగం తెలియకపోతే పురోహితుణ్ణి అడగవచ్చు. బల్బు సంగతి షాపువాణ్ణి అడిగితే, తన దగ్గర నిలవున్న సరుకే మేలంటాడు! అందువల్ల ఆ నాలుగు మాటలూ మనమే నేర్చుకోవడం మంచిది. నెల నెలా వచ్చే కరెంటు బిల్లూ, పిల్లల చదువూ, పెద్దవారి చూపూ అన్నీ వాటిలో యిమిడి వున్నాయి.

నీలి వెలుగు కథ

పాత బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ కాలి వెలుగు యిచ్చేది. అది తిన్న కరెంటులో నూటికి తొంభై పాళ్ళు వేడిగానే పోయేది. ఎల్.ఇ.డి.లో కాలే తీగ లేదు. డయోడు అనే చిన్న ముక్కగుండా కరెంటు పోతే అదే వెలుగుతుంది. కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే డయోడును 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారు చేశాడు. కాని యింటి దీపానికి తెల్లని వెలుగు కావాలి గదా! అందుకు ప్రకాశవంతమైన నీలి వెలుగు అవసరమైంది. అది చేతికి రావడానికి మరో ముప్ఫయి ఏళ్ళు పట్టింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు జపాను దేశంలో పుట్టిన శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి యిచ్చారు. నీలి డయోడు మీద పచ్చని ఫాస్ఫరు పూత పూస్తే, ఆ రెండు రంగులూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. మనింట్లో వెలిగే తెల్లని బల్బు రహస్యం యిదే.

గడ్డి ఎంత? పాలు ఎన్ని?

వాట్ అంటే బల్బు తినే కరెంటు. ల్యూమెన్ అంటే అది యిచ్చే వెలుగు. వాట్ గేదెకు వేసే గడ్డి అయితే, ల్యూమెన్ గేదె యిచ్చే పాలు. పాలు కొనేవాడు గేదె ఎంత గడ్డి మేసిందని అడుగుతాడా? బల్బు కొనేటప్పుడు మాత్రం మనం యిన్నాళ్ళూ గడ్డి లెక్కే అడుగుతూ వచ్చాము. అన్ని గేదెలూ ఒక్క తీరుగా పాలిచ్చినన్నాళ్ళూ అది చెల్లింది. ఇప్పుడు చెల్లదు.

పాత 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్ల వెలుగు యిచ్చేది. అంతకు తగ్గని వెలుగును మంచి ఎల్.ఇ.డి. 9 వాట్లతోనే యిస్తుంది. రోజుకు అయిదు గంటలు వెలిగిస్తే పాత బల్బుకు నెలకు 9 యూనిట్లు ఖర్చవుతుంది. దీనికి ఒకటిన్నర యూనిట్టు కూడా కాదు. అలాంటివి నాలుగు బల్బులున్న యింట్లో నెలకు 30 యూనిట్ల ఆదా! 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంచడానికి కారణం యీ లెక్కే.

అయితే 9 వాట్ల బల్బులన్నీ ఒకటి కావు. ఒకటి 700 ల్యూమెన్లు యిస్తే, మరొకటి 950 యివ్వవచ్చు. పెట్టె మీది ల్యూమెన్లను వాట్లతో భాగించండి. ఎక్కువ వచ్చినదే పాడి గేదె. పెట్టె మీద ముద్రించే నక్షత్రాల గుర్తుకు కూడా యీ భాగహారమే ఆధారం.

పాలు ఎన్ని వున్నా ఎంతమందికి పోస్తున్నామన్నది మరో ప్రశ్న. ఒక చదరపు మీటరు చోట ఎన్ని ల్యూమెన్లు పడుతున్నవో చెప్పేది లక్స్. హాలు మధ్యన పెద్ద బల్బు వేసినా, మూలనున్న పిల్లవాడి పుస్తకం మీద లక్స్ తక్కువే కావచ్చు. అక్కడ చిన్న టేబిలు దీపం ఎక్కువ పని చేస్తుంది. ఇక అరవై దాటిన కంటికి యిరవై ఏళ్ళ కంటి కన్న చాలా ఎక్కువ వెలుగు కావాలి. మామ్మగారి మందుల బల్ల దగ్గర, పెరటి మెట్ల దగ్గర పొదుపు చేయకండి.

కొలిమి చెప్పే పాఠం

కెల్విన్ల అంకె చూస్తే చాలామంది తికమకపడతారు. 2700 కెల్విన్ల బల్బు నిప్పులాంటి పసుపు వెలుగు యిస్తుంది. 6500 కెల్విన్లది తెల్లగా, కొంచెం నీలంగా వుంటుంది. అంకె పెరిగితే చల్లని రంగు రావడమేమిటి? కమ్మరి కొలిమిని తలుచుకోండి. ఇనుము ముందు ఎర్రబడుతుంది, యింకా కాలితే పసుపు, మరీ కాలితే తెలుపు. ఈ కొలతా అంతే. ఇది బల్బు వేడి కాదు, వెలుగు రంగు మాత్రమే. చదువుకూ వంటకూ 4000 నుంచి 6500 దాకా బాగుంటుంది. నీలం పాలు హెచ్చుగా వున్న వెలుగు రాత్రిపూట నిద్రను ఆలస్యం చేస్తుంది కాబట్టి పడకగదికి 2700 లేక 3000 మేలు.

చీర రంగు, బల్బు ఆయుష్షు

షాపులో నెమలికంఠం రంగులో మెరిసిన చీర యింటికి రాగానే వెలవెలబోతే, నేత పనివాణ్ణి తిట్టుకోకండి. అది వెలుగు చేసిన మాయ కావచ్చు. వస్తువుల అసలు రంగును బల్బు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది సి.ఆర్.ఐ. దానికి పూర్తి మార్కులు 100. ఇంటికి 80కి తగ్గకూడదు. కుట్టుపని చేసేవారికీ, బొమ్మలు వేసేవారికీ 90 వుంటే మంచిది.

"25,000 గంటలు" అని రాసి వుంటే రోజుకు అయిదు గంటల చొప్పున పదమూడేళ్ళు దాటాలి. మరి రెండేళ్ళకే పోయిందేం? ఆ అంకె సాధారణంగా డయోడు వెలుగు మొదటి దానిలో నూటికి 70 పాళ్ళకు తగ్గేదాకా పట్టే కాలం. కాని ముందుగా పోయేది చాలాసార్లు డయోడు కాదు, దానికి కరెంటు సరిచేసి అందించే డ్రైవరు. దానికి వేడి శత్రువు. గాలి ఆడని గాజు డోములో బిగిస్తే ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి గంటల కన్న గ్యారంటీ ఏళ్ళు చూడండి, రసీదు దాచండి.

డ్రైవరు నాసిరకమైతే వెలుగు సెకనుకు నూరుసార్లు అదురుతుంది. కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది. సెల్‌ఫోను కెమెరాలోంచి బల్బు వంక చూడండి. నల్లని చారలు గట్టిగా కదులుతుంటే దాన్ని పిల్లల చదువు బల్ల దగ్గర వుంచకండి.

ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు పెట్టె తిప్పి ముందు ల్యూమెన్లు, తరువాత వాట్లు, ఆపైన కెల్విన్లు, సి.ఆర్.ఐ., గ్యారంటీ చూడండి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 16102 అంకె వుందో లేదో కూడా చూడండి. హోల్డరు మన మామూలు పిన్నులదైతే బి22, మరదైతే ఇ27 అడగండి. అంతా కలిపి రెండు నిమిషాల పని. ఆ బల్బు వెలుగులోనే యింటిల్లిపాదీ కొన్నేళ్ళపాటు చదవాలి, వండాలి, కుట్టాలి గదా!