మీకు తెలుసా? చెయ్యి ఊరుకోదు, నోరు ఆగదు!

ఇది చదువుతున్నారు సరే, మీ చెయ్యి ఎక్కడుంది? గడ్డం మీదా? ముక్కు దగ్గరా? ఆస్ట్రేలియాలోని సిడ్నీలో వైద్య విద్యార్థులను క్లాసులో వీడియో తీసి మరీ లెక్కపెట్టారు. ఒక్కొక్కరూ గంటకు సగటున 23 సార్లు ముఖం ముట్టుకున్నారు! చేతులు కడుక్కోండమ్మా అని రేపు మనకు చెప్పబోయే డాక్టర్లే వీళ్లంతా!

మెటికలు విరవాలని వేళ్లు లాగేస్తున్నాయా? అమెరికాలో డోనాల్డ్ అంగర్ అనే డాక్టరు కథ వినండి. మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందని చిన్నప్పుడు వాళ్లమ్మ భయపెట్టింది. చుట్టాల్లో ఆడవాళ్లూ అదే మాట. పెళ్లయ్యాక అత్తగారూ అందుకుంది! ఆయన వాదించలేదు. ఎడమ చేతి మెటికలు రోజూ విరిచాడు. కుడి చేతి జోలికి పోలేదు. ఎన్నాళ్లనుకున్నారు? 60 ఏళ్లకు పైగా! చివరికి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ చేతికీ కీళ్లవాతం లేదు! నవ్వించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా కొట్టేశాడు. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగమే, ఒప్పుకుంటాను. కానీ ఆ పంతం చూడండి! దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచే అమ్మమ్మలూ, మీరు కానివ్వండి!

తుమ్మును మాత్రం ఆపకండి బాబూ! ఇంగ్లండులోని లెస్టర్‌లో ఒకాయన ముక్కు, నోరు గట్టిగా మూసేసి తుమ్మును లోపలే అణిచేశాడు. అంతే, గొంతు లోపల చిరిగిపోయింది! మాట్లాడటమే కష్టమైంది. ముక్కులోంచి గొట్టం వేసి తిండి పెట్టాల్సి వచ్చింది. ముసలాయనేం కాదు, వయసు 34! ఎవరో గడప దాటుతుంటే మీకు తుమ్మొచ్చిందా? శకునం సంగతి తర్వాత, ముందు తుమ్మేయండి!

పక్కవాడు ఆవులిస్తే మనకూ ఆవులింత వస్తుంది. అది పాత సంగతే. మనం ఆవులిస్తే కుక్కకూ వస్తుంది! లండన్‌లో 29 కుక్కల ముందు ఒక మనిషి ఆవులిస్తే, వాటిలో 21 నోళ్లు తెరిచాయి!

ఇక తిండి. ఇప్పుడే తింటే ఒక మిఠాయి, ఆగితే రెండు. పిల్లల ముందు ఇలా ఆశపెట్టే పరీక్ష గురించి వినే ఉంటారు. అమెరికాలోని రోచెస్టర్‌లో దానికో మెలిక పెట్టారు! మంచి రంగు పెన్సిళ్లు తెస్తామని పిల్లలకు ముందు మాటిచ్చారు. కొందరికి తెచ్చారు. కొందరికి ఎగ్గొట్టారు! ఆ తర్వాతే మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టినచోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినచోట? మూడే! పిల్లలు తెలివైనవాళ్లండీ. రెండోది వస్తుందని నమ్మకం లేనప్పుడు ఎందుకాగుతారు?

సముద్రంలోనూ ఓపికమంతులున్నారు! కటిల్‌ఫిష్ అని ఒక జీవి. ముందున్న రొయ్య ముక్కను వదిలేసి, తనకిష్టమైన బతికున్న రొయ్య కోసం ఆగుతుంది. ఎంతసేపు? 130 సెకన్ల దాకా! కొన్నయితే నోరూరించే ఆ ముక్కవైపు చూడకుండా అటు తిరిగి కూర్చున్నాయి!

అన్నిటికంటే పెద్ద వింత ఆఫ్రికాలోని కామెరూన్‌లో! అక్కడి న్సో తెగలో నాలుగేళ్ల పిల్లలకు కూడా ఇదే పరీక్ష పెట్టారు. మిఠాయి బదులు మన బోండాలాంటి పఫ్‌పఫ్! నూటికి 70 మంది చివరిదాకా ఆగారు. జర్మనీ పిల్లల్లో అందులో సగం మంది కూడా ఆగలేదు! పైగా న్సో పిల్లల్లో గింజుకోవడాలు, అటూ ఇటూ తిరగడాలు చాలా తక్కువ. కొందరయితే పఫ్‌పఫ్ ఎదురుగానే హాయిగా నిద్రపోయారు!